పసుపు మరకల గ్రామపటం

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఆయుధపూజ అయిన మరుసటి సోమవారం, చిత్తూరు వైపు ఒక సర్వే ఆఫీసు రికార్డు గదిలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. ఆఫీసు పేరెందుకులెండి. లోపల అడుగు పెట్టగానే ఒళ్లు మండింది. బీరువాలకు, కొలత గొలుసులకు బొట్లు పెడితే పెట్టారు, పటాల కట్టలకు కూడా తడి పసుపు పులిమేశారు. రికార్డులు చూసే అటెండరు మునిరత్నాన్ని అందరి ముందే దులిపేశాను. "సరస్వతి గదా మేడం, ఏటేటా పెడతా ఉండాం" అని తల దించుకున్నాడు.

నాకు అప్పటికే జిగ్‌సా పజిళ్ల పిచ్చి. బొమ్మను ముక్కలుగా కోసి పెట్టెలో అమ్ముతారు, మనం మళ్లీ కూర్చుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఐదువందల ముక్కలు భోజనాల బల్ల మీద పోసుకుంటే ఆఫీసు గోల, మోకాళ్ల నొప్పి రెండూ గుర్తుండేవి కావు. మా ఆయన పాపం కంచం ఒళ్లో పెట్టుకుని తినేవారు.

ఆ వారమే వడమాలపేట దగ్గరి పల్లె నుంచి చెంగల్రాయులు అనే రైతు వచ్చాడు. పక్క పొలం ఆసామి బండిబాటకు అడ్డంగా కంచె వేశాడట. లోపల చెరుకు కోతకొచ్చి ఉంది. "మా నాయన కాలం నుంచి బండి ఆడే పోతా ఉండాది మేడం. ఇప్పుడు ఎడ్లను భుజానేసుకొని పోవాల్నా?" అన్నాడు. శుక్రవారం తహసీల్దారు విచారణ. బాట ఉందో లేదో తేల్చాల్సింది గ్రామపటం. అందులో బండిబాటను జంట చుక్కల గీతతో చూపిస్తారు.

కట్ట విప్పితే పటం మడత మడతకూ చిరిగి అరవైకి పైగా ముక్కలైంది. రెండో ప్రతి ఎప్పుడో చెదలపాలైంది. చెంగల్రాయులు ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నాకు మాత్రం, నిజం చెప్పాలి, చేతులు దురద పెట్టాయి.

పజిల్ పద్ధతే పట్టాను. ముందు పొలిమేర గీత ఉన్న అంచు ముక్కలు, తర్వాత సర్వే నంబర్లు ఉన్నవి, ఏ గుర్తూ లేని గుట్ట ప్రాంతపు ముక్కలు ఆఖరుకు. మునిరత్నం బల్లకు అవతలి వైపు కూర్చుని తనూ మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఇద్దరికీ పోటీ పడింది. "మేడం, నావి పదైదు!" అని అరుస్తాడు. నేనింకా పన్నెండు దగ్గరే ఉన్నాను.

గురువారం మధ్యాహ్నానికి జంట చుక్కలున్న ఒక్క ముక్క మిగిలింది. ఖాళీలు మాత్రం రెండు, ఇంకో ముక్కను చెదలు తినేశాయి. మొదటి ఖాళీలో పెట్టాను, అంచుకు అంచు సరిపోయింది. అలా పెడితే బాట ఆ కంచె వేసినాయన పొలంలోనే ఆగిపోతుంది. "అంతేనప్పా, నీకు బాట లేదు" అని, అప్పుడే వచ్చి బల్ల పక్కన నిలబడ్డ చెంగల్రాయులుకు చెప్పడానికి నోరు కూడా తెరిచాను.

మునిరత్నం చెయ్యి అడ్డం పెట్టాడు. "తిట్టినా సరే మేడం, ఆ ముక్క ఈడది కాదు. సూడండి, ఈడ చుట్టూ ముక్కల్లో పసుపు ముదురు, దీంట్లో లేత. పైమడతకు పెట్టిన బొట్టు లోపలి మడతకు దిగేసరికి పలచబడతాది గదా."

నిజమే! ఏళ్ల తరబడి ఒకేచోట పెట్టిన తడి పసుపు మడతల్లోకి ఇంకింది. ముక్కను తీసి లోమడతలోని రెండో ఖాళీలో పెట్టాను. బాట కాలువ దాటి నేరుగా చెంగల్రాయులు పొలానికి వెళ్లింది.

అయితే అతికించిన పటం ఒక్కటే సాక్ష్యం కాదు, నేల మీద కూడా సరిపోవాలి. శుక్రవారం తెల్లవారగానే వెళ్లి గొలుసు పట్టాం. పటం చెప్పిన దూరంలోనే, కానుగ పొద కింద, పాత సర్వే రాయి దొరికింది. విచారణ తర్వాత కంచె తీయించారు. చెంగల్రాయులు బెల్లం దిమ్మెలు తెస్తే వద్దన్నాను. మునిరత్నానికి మాత్రం, తిట్టినప్పుడు విన్నవాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందే "తప్పు నాదయ్యా" అన్నాను.

ఇప్పుడు తిరుపతిలో మా అపార్ట్‌మెంట్‌వాళ్లు గడియారం పెట్టి జంటల పజిల్ పోటీ నడుపుతారు. నా జత మునిరత్నమే, బస్సెక్కి వస్తాడు. అతనికి నేను అంతగా రుణపడ్డాను.

ముక్క ఇమిడినంత మాత్రాన అది దాని చోటు కాదని, ఖాయం చేసే ముందు పక్కవాడి కళ్లతోనూ చూడాలని ఆ వారం నేర్పింది. ఏటా ఆయుధపూజకు నా పజిల్ పెట్టెలకు పసుపు బొట్టు నేనే పెడతాను. ముదురుగానే పెడతాను.