ఊరి వరుస

నా భార్య చేసిన సైటు ఇప్పటికీ నడుస్తోంది. నల్లగొండలో నేను కిరాయికి ఉంటున్న ఇంట్లో, ముందు గదిలో, కుట్టుమిషన్ పక్కన బల్ల మీద ఉన్న పాత కంప్యూటర్‌లో ఉంది అది. కంప్యూటర్ ఆపితే సైటు ఆగిపోతుంది. ఆమె పోయాక ఆపుదామని రెండుసార్లు దాని ముందు కూర్చున్నాను. ఆపలేదు.

ఆమెది కొల్లాపూర్. పెళ్లయి నల్లగొండ వచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నేను రామన్నపేట లైబ్రరీలో పని చేసేవాణ్ని, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వచ్చేవాణ్ని. పిల్లలు లేరు. కొత్త రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు మా రెండు వైపులా అందరి చేతుల్లోకీ మంచి ఫోన్లు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఒక ఎండాకాలం సెలవుల్లో ఆమె ఈ పని మొదలుపెట్టింది. లోకమంతా వాడే ఆ పెద్ద సైటును చూసి అచ్చం అలాంటిదే కట్టింది. పైన అదే నీలం పట్టీ, ఎడమ పక్క ఫొటో, మధ్యలో రాసుకునే గడి. కాపీ అని ఎవరన్నా అంటే "కాపీనే" అని ఒప్పుకునేది.

ఒక్కటి మాత్రం మార్చింది. పెద్ద సైటులో ఎవరినైనా కలుపుకుంటే ఫ్రెండ్ అవుతారు. ఆమె సైటులో ఫ్రెండ్ లేదు. "ఈమె మీకేమైతది?" అని అడిగేది. అక్క, వదిన, మేనత్త, చిన్నమ్మ, ఏదో ఒకటి ఎంచుకోవాలి. అది చెప్పగానే మిగతా వాళ్లందరితో మనకు ఏ వరుసో కంప్యూటర్ తనే లెక్కకట్టి పేరు కింద చూపించేది. ఆ సూత్రాలన్నీ ఆమె ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అడిగేది.

"ఇగో, మేనత్త మొగడు ఏమైతడు?"

"మామ."

"మేనమామ?"

"ఆయన గూడ మామనే."

"మరి ఇద్దరు వేరే వేరే అని దీనికెట్ల చెప్పాలె?"

"మా బాపుకే ఇంకా తెల్వది. దీనికెట్ల చెప్తవ్?"

ఆమె నవ్వి, ఇద్దరు మామలకూ వేరే వేరే నంబర్లు వేసుకుంది.

రక్తసంబంధాలే పెడతానంది మొదట. ఊళ్లో మర్యాదకు పిలుచుకునేవి వద్దంది. వద్దన్న మనిషికి పెట్టమని చెప్పింది నేను.

"ఊరి వరుస లేకుంటే ఎవ్వరు రారు" అన్నాను. "మా వాడకట్టుల కుమ్మరాయనను పుట్టినప్పటి సంది మామ అంటున్న. ఇయ్యాల దీంట్లకొచ్చి ఆయన నాకేం గాడని చెప్పాల్నా?"

"లెక్క తప్పుతదేమో."

"తప్పితే తప్పనియ్యి. మనుషులకు తెల్వదా?"

రెండు రోజులు ఆలోచించి పెట్టింది. నిజంగానే జనం వచ్చారు. కొల్లాపూర్ వాళ్లు, రామన్నపేట వాళ్లు, ఆమె విద్యార్థులు, వాళ్ల అమ్మలు. కరెంటు పోయినప్పుడల్లా సైటు పోయేది. అప్పుడు మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, సుట్టాలందరు మాయమైన్రు, జర చూడు" అనేవాడు. ఒకసారి ఎవరో ఎక్కడి నుంచో లోపలికి జొరబడి అర్థంకాని భాషలో మందుల ప్రకటనలు నింపారు. వారం రోజులు కూర్చొని ఒక్కొక్కటీ తీసేసింది. ఒక ముసలాయనకు సొంత కోడలు అత్తగా కనిపించింది. ఆయన కోపంగా ఫోన్ చేస్తే, ఈమె క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేసి పడిపడి నవ్వింది. ఆ కష్టాలన్నీ ఆమెకు ఇష్టమైన కష్టాలే.

తర్వాత కొల్లాపూర్‌లో ఒక సంబంధం కుదిరింది. పిల్ల మా అత్తమ్మ పక్కింటి పిల్ల. పిలగాడిది మర్రిగూడ. అతని తల్లీ మా అత్తమ్మా అంగన్‌వాడీ టీచర్లు, ఎప్పుడో శిక్షణలో నెల రోజులు ఒకే గదిలో ఉన్నారు. ఆ స్నేహంతో మధ్యన ఉండి సంబంధం మాట్లాడింది మా అత్తమ్మే. పక్కింటామె, అంటే పిల్ల తల్లి, ఆమెను అక్క అని పిలుస్తుంది. మర్రిగూడ ఆమె కూడా అక్క అనే పిలుస్తుంది. ఇద్దరూ సైటులో అలాగే పెట్టుకున్నారు. కంప్యూటర్‌కు ఏమర్థమైందో చెప్పనక్కర్లేదు. ఒకే అక్కకు ఇద్దరు చెల్లెళ్లు. వాళ్ల పిల్లలు అన్నాచెల్లెళ్లు.

ఖాయం చేసుకునే రోజు మేమూ వెళ్లాం. పిల్ల పెద్దనాయినకు ఆ సంబంధం మొదటి నుంచీ ఇష్టం లేదు, పిల్లను తన భార్య వైపు ఇవ్వాలని ఉండేది. అందరూ కూర్చున్నాక ఆయన పిల్ల ఫోన్ తీసుకొని పిలగాడి పేజీ చూపించాడు. అందులో అతని పేరు కింద 'అన్న' అని ఉంది.

"గిదేం వరుస? అన్నకిస్తరా పిల్లను?"

"అది ఊరి వరుస పెద్దనాయినా, మిషిన్‌కు తెల్వక చూపిస్తాంది" అంది నా భార్య.

"చేసిందే నువ్వు. నువ్వు తెల్వదంటే ఎట్ల?"

అది వరుస కాదని అక్కడున్న అందరికీ తెలుసు. కానీ పిలగాడి మేనమామ లేచాడు. "అంటే మేం వరుస దాచిపెట్టుకొని వచ్చినమా?" అన్నాడు. ఆ మాట తర్వాత ఎవరెంత చెప్పినా వాళ్లు కూర్చోలేదు. వండిన అన్నం అలాగే ఉంది. తినకుండానే జీపు ఎక్కారు.

పక్కింటామె మా అత్తమ్మతో మాట మానేసింది. మా అత్తమ్మ నా భార్యతో మానేసింది. "ఇరవై ఏండ్ల సంది నేను పిలిచిన పిలుపును నువ్వు పంచాయితి చేసినవ్ బిడ్డా" అంది. అదే చివరి మాట. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఊరి వరుస పెట్టమన్నది నేనని చెప్తానన్నాను. నా భార్య వద్దంది.

"నువ్వు చెప్పకు. నేనంటే బిడ్డను, నాలుగు దినాలకు మాట్లాడుతది. నువ్వని తెలిస్తే జన్మల మాట్లాడది."

నేను ఆ మాట పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె వద్దనడం నాకు తేలికైంది. మా అత్తమ్మకు నేనంటే గౌరవం. 'పుస్తకాల అల్లుడు' అనేది. ఆ గౌరవం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నాలుగు దినాలు నెలలయ్యాయి. రెండేళ్లయ్యాయి.

సైటు నుంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అందరూ ఫోన్లలో గ్రూపులు పెట్టుకున్నారు. అయినా నా భార్య దాన్ని ఆపలేదు. కాలేజీ నుంచి రాగానే, చెప్పులు విడిచీ విడవకముందే కంప్యూటర్ ముందు కూర్చొని ఏదో చూసేది. చూసి లేచి చాయ్ పెట్టేది. ఎవరూ లేని సైటులో ఏం చూస్తుందో నేను అడగలేదు.

ఒక వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో తొమ్మిది రోజులుంది. మా అత్తమ్మ అయిదో రోజున వచ్చింది. అప్పటికే నోట్లో గొట్టం వేశారు, మాట లేదు. మా అత్తమ్మ మంచం పక్కన నిలబడి "బిడ్డా, నేనొచ్చిన" అని చాలాసార్లు చెప్పింది. అది ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. విన్నదని అందరితోనూ చెప్పాను.

నెల మాసికం అయ్యాక మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆమె పుట్టినరోజున సైటు అందరికీ ఆమె పేరుతో కబురు పంపుతుందని, చూడలేమని, బంద్ చేయమన్నాడు. ఆపడం ఎలాగో వెతుకుతూ ఆమె నోటుపుస్తకం తెరిచాను. ముందు పేజీల్లో వరుసల సూత్రాలు. వెనక పేజీల్లో రోజూ ఒకే మాట: 'అమ్మ వచ్చింది.' అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది, అమ్మ రాలేదు, అమ్మ వచ్చింది. మా ఇంటికి అత్తమ్మ రాలేదే అనుకున్నాను. కొంతసేపటికి గాని అర్థం కాలేదు. సైటులోకి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి పేజీ చూశారో కంప్యూటర్ రాసి పెడుతుంది. కట్టిన మనిషికి మాత్రమే అది కనిపిస్తుంది. మా అత్తమ్మ మాట మానేసిన రెండేళ్లూ మధ్యాహ్నం పూట ఫోన్‌లో బిడ్డ పేజీ తెరిచి చూసేది. ఇక్కడ బిడ్డ ఆ సంగతి చూసుకునేది.

ఆ చిట్టా తెరిచాను. మా అత్తమ్మ నిన్న మధ్యాహ్నం కూడా వచ్చింది. అంతకుముందు రోజూ వచ్చింది. ఆపలేకపోవడం అందుకే.

ఆ వారంలోనే కొల్లాపూర్ పోయాను. మా అత్తమ్మ గచ్చు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. పీట వేసింది. నేను కూర్చొని చెప్పాను. ఊరి వరుస వద్దని నా భార్య అన్నదనీ, నేనే పెట్టించాననీ, తర్వాత చెప్పకుండా ఉన్నాననీ.

ఆమె చేయి ఆగలేదు. గింజలు తీస్తూనే అడిగింది.

"గిది గప్పుడే చెప్తే ఏం పోతుండె?"

చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"రెండేండ్లు నా బిడ్డతోని మాట్లాడలె నేను."

"నాకు తెలుసు అత్తమ్మా."

"నీకేం తెల్సు?"

లేచి గోడ దగ్గరికి పోయింది. పక్కింటామెను పిలిచింది. ఆ గోడ మీదుగా వాళ్లు మాట్లాడుకొని ఎంత కాలమైందో నాకు తెలుసు.

"ఓ చెల్లె! జర ఇటు రా. గీయన ఏదో చెప్తడంట, ఇను."

ఆమె వచ్చి గోడకవతల నిలబడింది. నేను లేచి నిలబడి మొత్తం మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆమె విని కొంగుతో మొహం తుడుచుకుంది.

"గా సంబంధం పోతే పోయె అక్కా. పిల్ల అచ్చంపేటల మంచిగనే ఉన్నది. నీ బిడ్డ పోయినంక నువ్వు ఇంటికొచ్చిన దినం నేను ఈ గోడ దాక వచ్చి తిరిగి పోయిన. ఎట్ల రావాల్నో తెల్వలె."

"రావద్దా మరి? గోడ దుంకి రావద్దా?"

"ఈ కాళ్లతోనా?"

మా అత్తమ్మ ఏడ్చింది. తర్వాత ఇద్దరూ నా భార్య చిన్నప్పటి సంగతి ఏదో మొదలుపెట్టారు. ఆ గోడ మీద కూర్చొని పలకకు బొగ్గు పూసుకునేదట. నేను వినని సంగతి అది. వాళ్లలో ఒకరు చెప్తుంటే ఇంకొకరు అందుకుంటున్నారు. నేను గచ్చు మీద పీట పక్కన నిలబడి ఉన్నాను. బస్సు టైమయిందని, పోయొస్తానని చెప్పాను. మా అత్తమ్మ తిరిగి చూసి తల ఊపింది. ఎప్పుడూ "తిని పో అల్లుడా" అనేది.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీకి సెలవు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రోజూ వచ్చే వేళకే మా అత్తమ్మ వచ్చింది. బిడ్డ పేజీ తెరిచింది. చాలాసేపు అక్కడే ఉంది. దాని పక్కనే నా పేజీ ఉంటుంది, పేరు కింద 'అల్లుడు' అని. అది తెరవలేదు.

నోటుపుస్తకం తీసి, నా భార్య ఆపిన చోటు కింద రాశాను: అమ్మ వచ్చింది.