గొంతు పట్టిన మాట

ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పడం నా వృత్తి కాదు, నా దురద. ఖిలా వరంగల్‌లో మా ఇంటి ముందుగదిలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు నడుపుతాను. పగలంతా దుకాణాల్లో, ఆఫీసుల్లో నిలబడి అలిసిపోయి వచ్చినవాళ్ళకు వ్యాకరణం చెబితే కునుకు తీస్తారు. కథ చెబితే కళ్ళు తెరుస్తారు. అందుకని కథ లేని మాటకు నేనే ఒక కథ కట్టి ఇస్తుంటాను.

‘వర్రీ’ అనే క్రియకు కట్టింది ఇది. ఎప్పుడో ఒక దొర నెక్కొండ స్టేషన్‌లో రైలు దిగాడు. గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న రైతును ఏమైందని సైగ చేసి అడిగాడు. రైతు పొలం వైపు చెయ్యి చూపించి “వరి” అన్నాడు. దొర పక్క ఊరికి పోయాడు. అక్కడా ఒకడు అలాగే కూర్చున్నాడు. అడిగితే అదే మాట. దొర లండన్ పోయి, ఆ దేశంలో మనుషులకు వర్రీ అనే జబ్బు ఉందని చెప్పాడు. అంతే, నిఘంటువులోకి ఎక్కింది.

క్లాసంతా నవ్వింది. నర్సు పని చేసే అమ్మాయి మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

“సార్, ఫోన్ల అట్ల లేదు.”

“మరేమున్నది?”

“గొంతు పిసుకుడు అని ఉన్నది సార్.”

“ఫోన్‌ను నమ్మకు బిడ్డా. దానికి నెక్కొండ యాడున్నదో తెల్వది.”

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ గొంతు పిసుకుడు గుర్తొచ్చి ముద్ద దిగలేదు.

మా పక్కిల్లు ఖాలాది. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ; నాకు చుట్టం కాదు, గోడ ఒకటే కాబట్టి ఖాలా. పోయినేడు ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి ప్రాణాలతో ఇంటికి వచ్చిన రోజే మనసులో నియ్యత్ చేసుకుంది: వచ్చే బక్రీద్‌కు అంగట్లో కొన్న జీవాన్ని కాదు, తన చేత్తో పెంచిన మేకపోతునే ఖుర్బానీ ఇవ్వాలని. పాలు మరవని పిల్లను తెచ్చింది. శనగలు నానబెట్టి పెట్టింది, చెట్ల వెంట తిరిగి ఆకు తెచ్చింది, ఎండాకాలమంతా నీళ్ళు పోసి కడిగింది. మెడకు వెడల్పాటి తోలు పట్టీ కట్టి దానికి గజ్జెలు కుట్టించింది. పేరు మాత్రం పెట్టలేదు.

“పేరు పెడితే చెయ్యి రాదు బేటా,” అంది ఒకసారి.

ఖుర్బానీ ఇచ్చే జీవానికి లోపం ఉండకూడదు. కన్ను పోకూడదు, చెవి తెగకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా కాలు పోకూడదు. కోసే చోటికి అది తన కాళ్ళ మీద తాను నడిచి రావాలి.

పండుగ రెండు రోజులుందనగా పరకాలలో ఆమె అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. ఖాలా సంచీ చేత పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

“జర చూస్కో బేటా. సాయంత్రం బస్సుకు వచ్చేస్త.”

“ఫికర్ చెయ్యకు ఖాలా. పాకాల అడవిల చిరుతపులిని గొడుగుతోని తరిమినోన్ని నేను.”

“పోయినసారి ఎలుగుబంటి అన్నవ్ గద?”

“అది వేరే గొడుగు.”

నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. “నీ కథలు నాకొద్దు. దాని నాలుగు కాళ్ళు నాకు కావాలె. ఇంకో ఏడు దాకా నేనుంటనో లేదో.”

ఆ చివరి మాట ఆమె అనకుండా ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం ఎండ చిటపటలాడుతోంది. వీధిలో మనిషి లేడు. మా ఆవిడ తలుపు వేసుకుని పడుకుంది. నేను ఖాలా పెరట్లో రేకుల నీడన నులకమంచం వేసుకుని, మేకను పక్కనే గుంజకు కట్టి కూర్చున్నాను. దూరం పోకుండా ఉంటుందని తాడు కురచగా కట్టాను. ఒళ్ళో నా పాత నిఘంటువు. ఇటుక కన్నా బరువు. ఆ నర్సమ్మాయి మాట నన్ను వదల్లేదు, అందుకని ఆ పేజీ తీశాను.

ఫోన్ అబద్ధం చెప్పలేదు. ఆ మాట పుట్టినప్పుడు దాని పని గొంతు నులమడమే. జర్మన్‌లో దాని చుట్టం ఇప్పటికీ ఆ పనే చేస్తోందట. తర్వాత ఆ క్రియ మనిషి చేతుల్లోంచి జంతువు పళ్ళలోకి పోయింది: తోడేలో కుక్కో గొర్రె గొంతు పట్టుకుని, వదలకుండా అటూ ఇటూ విదిలించడం. ఇంగ్లండ్ గొర్రెల కాపరులు నేటికీ ఆ అర్థంలో వాడతారట. ఆ తర్వాత ఎన్ని తరాలకో, ఒకరిని వదలకుండా వేధించడం. చిట్టచివరికి, మొన్నమొన్న, మనిషి తనలో తాను భయపడుతూ కుమలడం. అంటే మొదట్లో పట్టేవాడొకడు, దొరికేవాడొకడు ఉండేవారు. ఇప్పుడు ఇద్దరూ ఒకడే.

మన మాటలు ఇంత కరుకైనవి కావనుకున్నాను. ఫికర్‌కు అసలు అర్థం ఆలోచనేనని ఖాలాయే చెప్పింది. దిగులుకు మేమనే రంది చెదలాంటిది, లోపలి నుంచి మెల్లగా తింటుంది. ఎవరి గొంతూ పట్టుకోదు.

అలా అనుకుంటుండగా గజ్జెల చప్పుడు ఆగింది.

తల ఎత్తాను. పెరటి గోడకు ఒకవైపు రాళ్ళు జారి గండి పడి ఉంటుంది. ఆ గండిలో ఎర్రకుక్క ఒకటి నిలబడి ఉంది. మొరిగే కుక్క కరవదంటారు. ఇది మొరగలేదు. నా వైపు చూడనైనా లేదు. దాని వెనకాల ఇంకో రెండు తలలు. మేక తాడు తెగేలా వెనక్కి గుంజుకుంది. కానీ నేను కట్టిన తాడు ఎంత ఉందని?

“హే” అనబోయాను. నోరు తెరుచుకుంది, గొంతు తెరుచుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఆపలేకపోయిన గొంతు అది. మళ్ళీ అరవబోయాను. గాలి మాత్రం వచ్చింది. కాళ్ళు మంచం కోళ్ళలా నేలకు పాతుకుపోయాయి.

కుక్క దూకింది. నేరుగా మెడ. పట్టుకుని విదిలించింది, ఒకసారి అటు, ఒకసారి ఇటు, తడిబట్టను దులిపినట్టు. గజ్జెలు పిచ్చిగా మోగాయి. మేక అరవడం లేదు. దానికీ గొంతు లేదు, నాకూ లేదు. ఒళ్ళోని పేజీలో ఉన్న పని బారెడు దూరంలో జరుగుతోంది, నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత చేసింది నా చేతులు, నేను కాదు. ఒళ్ళో ఉన్న నిఘంటువును ఎత్తి విసిరాను. కుక్కకు తగల్లేదు. స్నానాల బండ మీద పడి టపాకాయలా పేలింది. కుక్క మెడ వదిలింది. నన్ను అప్పుడు మొదటిసారి చూసింది. తీరిగ్గా గోడ గండి దాటి పోయింది. మిగతావీ దాని వెంట పోయాయి. మేక ఒక్కసారి ఎగిరి, ముందరి కాలికి తాడు చుట్టుకుని పడింది.

చప్పుడుకు మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. “ఏమైందయ్యా? ఏందట్ల చూత్తానవ్? మాట్లాడవేంది?” పెదాలు కదిపాను. నన్ను చూసి ఆమె భయపడింది. నేను మాట్లాడకపోవడం ఆమె పెళ్ళయినప్పటి నుంచి చూడలేదు.

ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు వేళ్ళతో వెంట్రుకలు పాయలు తీస్తూ మెడ చుట్టూ వెతికాడు. ఒక్క గాటు లేదు. పళ్ళన్నీ తోలు పట్టీలోనే దిగాయి. కాలు విరగలేదు, బెణికింది.

“పండుగకు అంటున్నరు గద, సూది మందు ఇస్తె మాంసంల ఉంటది, ఇయ్యను. కట్టు కడుత.”

“ఎల్లుండికి నడుస్తదా సార్?” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“నడవొచ్చు, నడవకపోవచ్చు. వర్రీ కాకండి.”

ఎన్ని వేలసార్లు విన్నానో ఆ మాటను. ఈసారి నా చెయ్యి నా మెడ మీదికి పోయింది.

సాయంత్రం ఖాలా బస్సు దిగి వచ్చేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను. నాలుక మీద కథ తయారుగానే ఉంది: చిరుతపులి కోట బురుజు దిగి రావడం, నేను ఎదురుపోవడం. ఖాలా వచ్చింది. నా ముఖం చూడలేదు, మేక కాలు చూసింది. నా కథ అక్కడే చచ్చిపోయింది.

“కుక్కలు వచ్చినయ్ ఖాలా. నేను ఒర్రలేకపోయిన, గొంతు లేవలే. పుస్తకం ఇసిరేస్తే పోయినయ్.”

ఆమె మా ఆవిడ వైపు తిరిగింది. “బిడ్డా, ఈన మళ్ళ మొదలువెట్టిండు.”

“లేదు ఖాలా, ఇది నిజమే,” అంది మా ఆవిడ. “బండ మీద పుస్తకం పడి ఉండంగ నేను చూసిన.”

ఖాలా నేల మీద కూలబడి పట్టీని వేళ్ళతో తడిమింది. తోలులో బెజ్జాలు పడి ఉన్నాయి. పట్టీ విప్పి పక్కన పెట్టింది. నన్ను తిట్టి ఉంటే ఊపిరి ఆడేది. మసీదు పెద్దాయనకు ఫోన్ చేసి ఉర్దూలో చాలాసేపు మాట్లాడింది.

“కుంటినా ఏం కాదంట బేటా. కాని ఆ కాలు నేలకు ఆనాలె. అదే నడవాలె. మోసుకపోతే చెల్లది.”

ఆ రెండు రోజులు నేను గోడ దగ్గరే తిరిగాను. పట్టీ తీసేశారు కాబట్టి అవతలి నుంచి గజ్జెల చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే చచ్చిందేమోనని తొంగి చూడటం, ఉంటే కుక్కేమోనని తొంగి చూడటం. మేక మూడు కాళ్ళ మీద నిలబడి ఆకు నములుతూ ఉండేది, నాలుగోది గాలిలో. “అది తింటాంది, నువ్వే తింటలేవు,” అని మా ఆవిడ విసుక్కుంది. ఇంకో సంగతి ఆమెకు కూడా చెప్పలేదు. కత్తి కోసం ఉంచిన గొంతును కుక్క నుంచి కాపాడి, అది కత్తి దాకా నడుస్తుందా లేదా అని నేను వణుకుతున్నాను. ఏది జరగాలని కోరుకుంటున్నానో నాకు తెలియలేదు. ఖాలాకు తెలుసేమో. ఆమె కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

పండుగ పొద్దున నమాజు అయి మగవాళ్ళు తిరిగొచ్చారు. ఖాలా మేనల్లుడు ముందు వాకిట్లో కత్తులు సిద్ధం చేసుకుంటున్నాడు. పెరటికీ వాకిటికీ మధ్య ఇరుకు సందు. ఖాలా కట్టు విప్పింది, తాడూ విప్పింది. పిడికిట్లో శనగలు పట్టుకుని సందులో ముందు నడిచింది. నేను మేక వెనకాల.

“ఆజా,” అని పిలిచింది. మేక కదిలింది. మూడు కాళ్ళ మీద ఎగురుతూ కొంత దూరం. ఆగింది.

ఖాలా కూడా ఆగింది. వెనక్కి తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బేటా, నేను చూడలేను. కాలు నేలకు ఆనిందా? నువ్వు చెప్పు.”

సందులో మేమిద్దరమే. ఆనలేదని ఒక్క మాట అంటే మేక బతుకుతుంది. అది ఆనకముందే ఆనిందని ఒక్క మాట అంటే ఆమె మొక్కు తీరుతుంది. నా గొంతును ఏదో పట్టుకుని విదిలిస్తోంది. మేక శనగల వైపు మెడ చాచింది. గాలిలో ఉన్న కాలు మెల్లగా దిగింది. గిట్ట రాయిని తాకింది, వెనక్కి తీసుకుంది, మళ్ళీ తాకింది. ఈసారి ఒళ్ళు కాస్త దాని మీదికి వంగింది. ఇంకో అడుగు. అదే కాలు, పూర్తిగా.

“ఆనింది ఖాలా,” అన్నాను.

“నిజమేనా?”

“నిజం.”

ఎదురుగా వాకిట్లో ఎండ ఉంది. ఖాలా అటు నడిచింది. కుంటుతూ, నేల మీద ఆ కాలు వేసుకుంటూ, మేక ఆమె వెంట పోయింది.