ఎక్స్‌రే గదికి రెండు నిమిషాలు

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఐదో తరగతితో బడి మానేసినా, దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. ఆగిరిపల్లి మామిడి తోటల్లో నలభై ఏళ్లు కాపలా పడుకున్నాను. దొంగలూ గుడ్లగూబలూ తప్ప ఇంకేమీ కనబడలేదు. అందుకని ముసలాడికి మతి పోయిందనుకోవద్దు. ఇది జరిగింది పట్టపగలు, పదకొండున్నరకి.

మా మనవరాలు మేరీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ చదువుతోంది. రోగి ఎక్కడ ఎంతసేపు పడిగాపులు పడుతున్నాడో చూసి సరిచేసే చదువట. నా చిన్నప్పుడు మా అమ్మని ఆసుపత్రి వరండాలో పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చోబెట్టారు. అప్పుడీ చదువు ఎక్కడికి పోయిందో.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఓ ఆసుపత్రిలో, చక్రాల కుర్చీలో రోగి గేటునుంచి ఎక్స్‌రే గదికి చేరడానికి ఎంతసేపు పడుతుందో ఐదుసార్లు కొలవాలి. ప్రాజెక్టు పోతే డిగ్రీ ఆగుతుంది, ఇస్తామన్న ఉద్యోగమూ పోతుంది. రోగులెవరూ ఒప్పుకోక నన్ను కూర్చోబెట్టింది.

"తాతయ్యా, మాట్లాడకుండా కూర్చో" అంది.

"రోగమొస్తే నోరు కూడా పడిపోతుందా ఏంటి?" అన్నాను.

తోసేది వార్డు బాయ్ ఏసుబాబు. పేరుకే బాయ్, మనవలున్నవాడు. నాలుగు ట్రిప్పులూ పదకొండు నిమిషాలకి తగ్గలేదు. మామిడి సీజను కదా, ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ "కాపు ఎలా ఉందండీ?" అని అడగాలి, వాళ్లు చెప్పేదంతా నా కుర్చీని గోడవార ఆపి మరీ వినాలి.

ఐదోసారి కుర్చీ కదిలింది. నేను వెనక్కి చూడలేదు. ఏసుబాబుని తిట్టే పనిలో ఉన్నాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. ర్యాంపు ఎక్కింది. గడప దగ్గర కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు దింపి, మెల్లగా దాటించారు. కాయకి దెబ్బ తగలకుండా బుట్ట దించే చెయ్యి అది. అలాంటి చేతుల్ని నలభై ఏళ్లు చూశాను.

"కాళ్లు లోపలికి పెట్టుకోండి" అని వెనకనుంచి మెల్లగా వినబడింది. నా తిట్లు పనిచేశాయనుకున్నాను.

ఎక్స్‌రే గది దగ్గర మేరీ ఫోనులో టైము చూసింది. రెండు నిమిషాలు. తర్వాత నా వెనక్కి చూసింది.

"ఎవరు తోశారు తాతయ్యా? మలుపు తిరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నీ వెనక ఎవరూ లేరు."

ఏసుబాబు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. చేతిలో టీ గ్లాసుతో, కుర్చీ ఎటు పోయిందని వెతుకుతున్నాడు. ర్యాంపు మీదికి కుర్చీ దానంతటది ఎక్కదు. నేనా, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

కాలేజీలో గైడు సారు ఆ ఐదోది కొట్టేయమన్నాడు, లేదంటే ఎవరిదో ఒకరి పేరు రాయమన్నాడు. ఉన్నదున్నట్టు వదిలేస్తే దొంగ లెక్క అని ఫెయిల్ చేస్తారట.

"జరిగింది కొట్టేసి జరగనిది రాస్తే అది చదువెలా అవుతుందండీ?" అని ఆయన గదిలోనే అడిగాను. మేరీ నన్ను బయటికి లాక్కొచ్చింది.

ఈలోపు ఎవరో రెండు నిమిషాల్లో తోశారని ఆసుపత్రంతా పాకింది. ముగ్గురు వార్డు బాయ్‌లు వచ్చి "నేనేనండీ" అన్నారు. అందులో ఏసుబాబు కూడా ఉన్నాడు. గడప దగ్గర నాతో ఏమన్నావని ఒక్కొక్కణ్ణీ అడిగాను. ముగ్గురూ "కాపు ఎలా ఉందన్నానండీ" అన్నారు.

మేరీ రెండు నిమిషాలనే రాసింది. తోసినవారి పేరు దగ్గర 'తెలియదు' అని రాసింది. వైవా రోజు బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు అక్కడే వేలు పెట్టాడు.

"ఎవరమ్మా ఈ మనిషి?"

"తెలియదు సార్. కానీ దారిలో ఎక్కడా ఆగలేదు. మిగతావాళ్లు కూడా ఆగకపోతే అందరికీ రెండు నిమిషాలే."

ఆయన పాస్ చేశాడు.

ప్రాజెక్టు పుస్తకం మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంది. ప్రిన్సిపాలు, గైడు, ఏసుబాబు, నేను. నా పేరు కింద ఒక గీత గీసి, ఖాళీగా వదలమని నేనే పట్టుబట్టాను. అచ్చు తప్పా అని గైడు సారు అడిగితే, అవునంది మేరీ.

ఆ గీత మీద ఎవరి పేరు రాయాలో నాకు ఈరోజుకీ తెలియదు.