దొరసాని కథలో నేను వదిలేసిన ముక్క

"నీళ్లు తగ్గినాయా పాపా?"

"లేదు నాయనా. ఇంకా నిండుగానే ఉండాయి."

నాయనా నేనూ మాట్లాడుకున్న కడసారి మాటలివే. ఆయన అడిగింది సోమశిల డ్యాము నీళ్ల గురించి. ఆ నీళ్ల అడుగున మా ఊరుంది. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోయిన ఏడు మాత్రం మా చర్చి మొండిగోడలు పైకి కనిపిస్తాయి. మొన్న మా చెల్లెలి కూతురు సునీత నన్ను బస్సులో అటుగా తీసుకుపోతుంటే, ఎండిన బురద వాసన గుప్పున వచ్చింది. ఇంక చెప్పకుండా ఉండలేననిపించింది. నాకు పేరు రాసుకోవడమే వచ్చు, అందుకని నేను చెబుతుంటే సునీత రాస్తోంది.

మా ఊరు పెన్న ఒడ్డున ఉండేది. వేసవిలో ఏరు సన్నబడితే ఇసకలో దోసపాదులు పెట్టేవాళ్లు. పిల్లలం వేడి ఇసకలో కాళ్లు కాలుతుంటే ఎగురుకుంటూ పోయి పిందెలు తెంపుకుని, తడి చెలమ పక్కన చతికిలబడి కొరుక్కు తినేవాళ్లం. క్రిస్మస్ దగ్గరపడితే ఇల్లిల్లూ అరిసెల పాకం వాసనే, మా అవ్వ నూనె చేతులతోనే పాట అందుకునేది. రేవుకు ఎగువన బాప్తిస్మాలిచ్చే మడుగొకటి ఉండేది. అందులో నిలబడి ఇచ్చిన మాట ప్రాణం పోయినా తప్పకూడదని మా పెద్దల కట్టడి.

నా తొమ్మిదో ఏట అమ్మకు క్షయ వచ్చి ఆత్మకూరు ఆస్పత్రిలో నెలల తరబడి ఉంటే, తోడుగా నేనే ఉన్నాను. నా బడి అక్కడితో సరి. ఆ ఆస్పత్రిలో నార్వే దేశం నుంచి వచ్చిన నర్సమ్మ ఉండేది, అందరం దొరసాని అనేవాళ్లం. సాయంత్రాలు మా చేత గుడ్డపీలికలు చుట్టిస్తూ తన దేశం కథలు చెప్పేది. "మా ముత్తాతలు దొంగలు. పడవల్లో పోయి ఊళ్లు దోచినారు. నేను మంచిదాన్ని, సూది మాత్రమే గుచ్చుతాను" అని నవ్వేది. ఆ దేశం నాలుగు వందల ఏళ్లు డెన్మార్కు రాజు కింద, ఆపైన స్వీడను రాజు కింద ఉండి, చివరికి ఓట్లు వేసుకుని, తుపాకీ పేలకుండా విడిపోయిందట. ఆ ఓటు ఆడవాళ్లకు ఇవ్వకపోతే, వాళ్లు ఇల్లిల్లూ తిరిగి తమ సంతకాలు పోగుచేసి పంపారట. తర్వాత జర్మనీ సైన్యం వచ్చి కూర్చుని, తన మాట వినే సర్కారును పెట్టింది. ఆ సర్కారు చెప్పినట్టే పాఠాలు చెబుతామని సంతకం పెట్టమంటే బడి అయ్యవార్లు పెట్టలేదు. దొరసాని నాయన కూడా అయ్యవారే. చివరికి సర్కారే దిగివచ్చింది.

అమ్మకు నయమై ఇంటికి వచ్చాక ఆ కథ నాయనకు చెప్పాను. ఆయన తాడు పేనడం ఆపి, "మళ్లీ చెప్పు పాపా" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో లెక్కలేదు.

కొన్నాళ్లకు డ్యాము ఆఫీసర్లు, చేలూ ఇళ్లూ ఇచ్చేస్తామని వేలిముద్ర వేయమంటూ కాగితాలతో వచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక నాయన లేచి, "ఎవురూ వేలిముద్ర వేయబాకండి. దొరసాని దేశంలో అట్నే సర్కారు దిగొచ్చింది" అన్నాడు.

మా మేనమామ దావీదు నవ్వాడు. "వాళ్లు అయ్యవార్లు బావా, సంతకం పెట్టమన్నారు. మనకు సంతకమే రాదు గదా, ఇంక మానేదేంది?"

"వేలుండాది గదరా. దాన్ని జేబులో పెట్టుకో."

అందరూ నవ్వారు. నవ్వుతూనే మడుగులోకి నడిచి, నడుంలోతు నీళ్లలో నిలబడి మాట ఇచ్చారు.

ఆరు నెలలు నిలబడింది ఆ మాట. తర్వాత ఒక్కొక్కరే వెళ్లి వేలు పెట్టి వచ్చారు. చివరికి దావీదు మామ కూడా తల దించుకుని, "పిల్లలకు సంగటి ముద్ద కావాల బావా" అన్నాడు. నాయన మాత్రం వేలు పెట్టలేదు. ఊరు పోయినవాళ్లకు ఇచ్చే ఇంటి స్థలాల జాబితాలో ఆయన పేరు రాలేదు. నీళ్లు గడప తాకిన రోజు కుండలు నెత్తిన పెట్టుకుని బయటపడ్డాం. వింజమూరు దగ్గర దావీదు మామ గొడ్లసావిడిలో కాపురం పెట్టాం. సొంత చేనున్న మనిషి చచ్చేదాకా పరాయి చేలల్లో కూలికి పోయాడు.

దొరసాని చెప్పిన కథలో ఇంకో ముక్క ఉంది. సంతకం పెట్టని అయ్యవార్లను రైళ్లలో, ఓడలో ఎక్కించి ఆ దేశం ఉత్తరపు కొసకు, గడ్డకట్టే చలిలోకి తోలారు. అందులో ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. జీతాలు ఆగిన ఇళ్లను జనం చాటుమాటుగా చందాలేసుకుని సాకారు. తల్లిదండ్రులు వేలకు వేలు ఉత్తరాలు రాశారు. అంతమంది మోస్తేనే వాళ్లు నిలబడగలిగారు. ఆ ముక్క చెప్పేటప్పుడు దొరసాని ఏడ్చింది. పెద్దవాళ్లను ఏడిపించే మాట ఇంట్లో ఎందుకనుకుని నేను నాయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే, వేలు పెట్టనివాడి ఇంటికి ముద్ద ఎవరు తేవాలో కూడా ఆ మడుగులోనే మాట తీసుకునేవాడేమో, లేదంటే అందరితోపాటు వేలు పెట్టి ఓ స్థలం దక్కించుకునేవాడేమో. ఏది చేసినా తెలిసి చేసేవాడు.

ఆస్పత్రి మూతపడింది, దొరసాని తన దేశం వెళ్లిపోయింది. మడుగు ఎక్కడుందో నీళ్లు తగ్గినా ఆనవాలు తెలియదు. మాట ఇచ్చినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు, ఆయనా పోయి నాలుగేళ్లయింది.

సునీతా, రాసింది చదివి వినిపించమ్మా. రైలు ముక్క కాడ గొంతు తగ్గించబాక. మా నాయన ఎదురుగా కూర్చుని వింటా ఉండాడనుకుని, నిదానంగా చదువు.