అల్పాకా మేసిన సంచి

మా ఆండీస్ కొండల్లో గడ్డి గురించి మా వదిన ఉర్సినా చెప్పిందే మాట. ఒక పరక నమిలి ఇది వాగు పక్కదో, మంచు అంచుదో చెప్పేసేది. ఆ గర్వం కూడా ఆవిడకు తక్కువేం కాదు. ఆవిడ తమ్ముణ్ణి కట్టుకున్న పాపానికి నేను రోజూ భరించాను.

ఒక ఏడు కుస్కో పట్నం నుంచి నోయెమి అనే చదువుకునే పిల్ల వచ్చింది. పైకి ఒకేలా కనిపించే గడ్డికి లోపల జన్యువుల దారాలు వేరుగా ఉంటాయట. ఒకదాంట్లో రెండు పేటలుంటే, ఇంకోదాంట్లో నాలుగో ఆరో ఉంటాయట. కొండ ఎక్కేకొద్దీ పేటలు పెరుగుతాయా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి.

నేత పని తెలిసిన వదినకు ఇట్టే అర్థమైంది. "చలికి తాడు లావుగా పేనుకుంటుందా అని కదూ నీ గోల?" అంది.

అప్పటినుంచి ఏటా వానల్లో వదినే ఒక్కో ఎత్తునుంచి పచ్చిగడ్డి కోసి, వేరువేరు గుడ్డసంచుల్లో కట్టి, పట్నం బస్సుకిచ్చి పంపేది. చదువు రాదు కాబట్టి ముళ్లే గుర్తు. వాగుకి ఒక ముడి, పైన మంచు అంచున రెండు కొండల నడుమ దారి, ఆ కనుమకి ఐదు. మూడేళ్లలో నలభై సంచులు పంపింది.

మూడో ఏడు తెచ్చిన సంచులు వాకిట్లో పెట్టి వదిన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. అంతలో మా ఉన్ని మందలో ఆవిడ సీసాపాలతో పెంచిన అల్పాకా పొడుగు మెడ చాచి, కనుమ సంచిలో మూతి పెట్టి పరక మిగల్చకుండా మేసింది. కనుమకి వెళ్లి రావడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. మర్నాడే మందకి చెవి కుచ్చులు కట్టే పండగ. కుండల్లో మొక్కజొన్న కల్లు పొంగుతోంది, చుట్టాలు దారిలో ఉన్నారు.

"గడ్డి గడ్డే కదా వదినా! దొడ్డి పక్కది కోసి కట్టెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నాను. నా నోరు పడిపోను.

 వదిన కొడవలి తీసుకుంది.

నాలుగు నెలలకి నోయెమి రొట్టెలు పట్టుకుని వచ్చింది. మనిషి సగమైపోయింది.

"కనుమ గడ్డికి మొదటి రెండేళ్లూ ఆరు పేటలు వచ్చాయి పెద్దమ్మా. ఈసారి నాలుగే. పదిసార్లు చూశాను. నాకు లెక్క చేతకాదంటున్నారు మా మేష్టారు. సంచి మారిందేమో అని కూడా అన్నారు. ఉర్సినా పెద్దమ్మ అలాంటిది కాదని ఆయనతో పోట్లాడి వచ్చాను."

నాకు తల కొట్టేసినట్టయింది. సూప్ వడ్డిస్తున్న వదిన గరిటె కింద పెట్టేసింది.

"నీ లెక్క సరైందే తల్లీ. కనుమది అల్పాకా తినేసింది. నేను పంపింది నా దొడ్డిది."

నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

నోయెమి ముందు ఊపిరి పీల్చుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మిగతావి?"

"అదొక్కటే. నా మంద మీద ఒట్టు."

"నేను నమ్ముతాను పెద్దమ్మా. రేపు నన్ను అడిగేవాళ్లకి ఏం చెప్పను?"

నోట్‌బుక్ తీసి వరసల మీద గీతలు కొట్టడం మొదలుపెట్టింది. చదువు రాకపోయినా కొట్టివేత వదినకు తెలుసు. "అది వడగళ్లలో తెచ్చాను తల్లీ... అది కాలు బెణికిన ఏడుది..." అంటూనే ఉంది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ చెయ్యి ఆపలేదు. నలభయ్యీ పోయాయి.

"వచ్చే ఏడు నుంచి గడ్డి నేనే కోసుకుంటాను. మీరు దారి చూపిస్తే చాలు" అంది చివరికి.

వదిన తలూపింది. గడ్డి సంగతి వదినకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు గానీ, కనుమకి దారి మా ఊళ్లో అందరికీ తెలుసు.