శ్మశానం దాకా వెళ్ళిన పిలుపు

నగరి పక్కన నేతగాళ్ళ వీధుల్లో పెళ్ళయినా, సీమంతమైనా పిలుపు చెప్పడానికి చౌడేశ్వరమ్మే పోవాలి. అక్షరం ముక్క రాదు. పేర్లు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, రెండొందల గడపలైనా తప్పకుండా తిరిగొస్తుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క ఇల్లు మరిచిందని ఎవరైనా అన్నారో, ఆ పూట వాళ్ళకు అన్నం సయించదు. ఆమె నోరు అలాంటిది.

1947 నాటికి ఆ నోరూ నీరసపడింది. నూలు మీద కంట్రోలు. కార్డున్న మగ్గానికే సొసైటీలో నూలు. మామ ఆదిమూలం పోగానే, కార్డు ఆయన పేరున ఉందని సొసైటీ ప్రెసిడెంటు ఏకాంబరం లాగేసుకున్నాడు. "సచ్చినోడికి నూలేంటికమ్మా" అన్నాడు. మూడేళ్ళుగా మగ్గం గుంటలో కోళ్ళు పొదుగుతున్నాయి. వీధిలోకెల్లా మంచి చెయ్యి అనిపించుకున్న ఆమె మొగుడు మునిరత్నం రైలు స్టేషన్లో మూటలు మోస్తున్నాడు. ఆ చేతులు చూసినప్పుడల్లా ఆమె మొహం తిప్పుకునేది. కొత్త కార్డు అడిగితే ఏకాంబరం వక్కాకు నములుతూ "సూస్తాంలే" అనేవాడు. ఆయన అసెంబ్లీ మెంబరు కూడా, అడిగేదెవరు?

అంతలో మద్రాసు నుంచి మంత్రి వస్తున్నాడని కబురొచ్చింది. జనం బాగా కనబడాలని ఏకాంబరానికి ఆత్రం. "లిస్టులో ఉండేవాళ్ళందరికీ చౌడమ్మతో పిలుపు చెప్పించప్పా" అని గుమాస్తా జయరావుకు పురమాయించి వెళ్ళిపోయాడు. జయరావు గూడూరు నుంచి వచ్చి పది రోజులే అయింది. సొసైటీలో మనుషులను పిలిచే లిస్టు ఒకటి, నూలు తీసుకునే లిస్టు ఇంకొకటి ఉంటాయని పాపం ఆయనకెవరూ చెప్పలేదు. చౌడేశ్వరమ్మను పిలిపించి, నూలు తీసుకునే పెద్ద లిస్టు తీసి నూటనలభై పేర్లూ గొంతెత్తి చదివాడు.

నడుమలో "ఆదిమూలం, ఒక మగ్గం" అన్నాడు. చౌడేశ్వరమ్మ మామగారి పేరు వినబడగానే అలవాటుగా తలమీద కొంగు సర్దుకుంది. ఆ తరువాత ఒళ్ళు మండింది.

"ఆయప్పకు నూలు ఇస్తా ఉండారా సామీ?"

"నెలనెలా తీసుకుంటున్నాడమ్మా. ఇదిగో, వేలిముద్ర కూడా ఉంది."

ఆమె కుంకుమ భరిణె, వక్కాకుల తట్ట పట్టుకుని బయల్దేరింది. బతికున్న తొంభై ఏడు గడపలకూ చెప్పింది. తరువాత నేరుగా శ్మశానానికి పోయి, ఒక్కో సమాధి మీద ఒక్కో వక్కాకు పెట్టి, "రేపు పొద్దున సొసైటీ కాడికి మంత్రిగారు వస్తాండారు, తప్పకుండా రావాల" అని వరసగా పిలిచింది. అది ఆమె నియమమో, కొంటెతనమో ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. నన్నడిగితే రెండూ.

మరునాడు మంత్రి కుర్చీల వైపు చూసి, "నూటనలభై మగ్గాలన్నారు, మనుషులు ఇంతేనా?" అన్నాడు.

ఏకాంబరం తడుముకోలేదు. "పిలుపు సరిగ్గా పోలేదు సార్. ఈయమ్మ ఇండ్లు మరిసిపోయినట్టుండాది."

ఏ మాటైనా పడేదేమో కానీ, ఈ మాట పడే మనిషా ఆమె? లేచి నిలబడింది. ఇప్పుడు నోరు విప్పితే కార్డు ఈ జన్మకు రాదని ఆమెకు తెలుసు. అయినా విప్పింది.

"ఒక్కరిని మరిసుంటే నా నాలిక కోసెయ్ సామీ. అందర్నీ పిలిచినా. నలభై ముగ్గురు శ్మశానంలో ఉండారు, ఆడికీ పోయి పిలిచినా. వాళ్ళే రాలే. నూలుకైతే నెలనెలా వస్తా ఉండారంట."

ఏకాంబరం "పిచ్చిది సార్" అన్నాడు. మంత్రి లిస్టు తెప్పించుకుని, "ఎవరమ్మా, ఒక్క పేరు చెప్పు" అన్నాడు.

"మా మామ."

"ఆయన పేరు?"

ఇక్కడొచ్చింది చిక్కు. మామ పేరు కోడలు నోటితో పలకడమే? మంత్రి అడిగినా సరే, గవర్నరు అడిగినా సరే. కొంగు నోటికడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"మొసలి పట్టుకుంటే ఏనుగు ఏమని కేకేసింది సామీ? అదే."

మంత్రి క్షణం ఆలోచించి, పకాలున నవ్వి, "ఆదిమూలం!" అని గట్టిగా చదివాడు.

"ఆయన పోయి మూడేండ్లాయ!" అని తొంభై ఏడు గొంతులు ఒక్కసారే లేచాయి. ఆ మీద మంత్రి ఒక్కో పేరూ చదవడం, జనం ఒక్కో చావూ చెప్పడం. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది.

ఏకాంబరం మెంబరుగిరీకి ఏమీ కాలేదు, సొసైటీ తాళాలు మాత్రం చేతులు మారాయి. నెల తిరగకుండా మునిరత్నం పేరున కార్డు వచ్చింది. అతను కోళ్ళను తోలి, గుంట ఊడ్చి, మగ్గంలోకి దిగాడు. మొదటి చప్పుడుకే చౌడేశ్వరమ్మ తూము తెగినట్టు ఏడ్చింది.

"ఎందుకే ఏడస్తావు? నూలొచ్చిందిగదా" అన్నాడు మొగుడు.

ఆమె కళ్ళు తుడుచుకుని సొసైటీ ఇచ్చిన నూలులో ఇంకా విప్పని కట్ట విప్పి చిలపలు, ఆ నూలు చుట్టలు, లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. రెండు తక్కువ.

"మంత్రి మల్లా ఎప్పుడొస్తాడంట?" అంది.