అద్దానికి చోటు

పొద్దున్నే లేచి లైటు వెయ్యకుండా వంటింట్లోకి నడవడం నాకు అలవాటు. మంచం దిగితే గోడ, గోడ తడుముకుంటూ పోతే గుమ్మం, గుమ్మం దాటితే పొయ్యి. ఆయన నిద్ర చెడకూడదని మొదలుపెట్టిన అలవాటు. ఆయన పోయాక కూడా నా కాళ్ళు దాన్ని వదల్లేదు. ఇప్పుడు మాత్రం కళ్ళు తెరవగానే లైటు వెయ్యాల్సిందే. నిన్న గోడవారన ఉన్న బల్ల ఇవాళ దారికి అడ్డంగా ఉంటుంది. మొన్న కిటికీ పక్కనున్న బీరువా గుమ్మం పక్కకి వచ్చి నిలబడుతుంది. మోకాలికి తగిలిన ఒక దెబ్బ మానేలోగా ఇంకోటి. ఇదంతా మా ఆడపడుచు పని.

ఆయన చెల్లెలు. ఒకచోట నిలవదని ఆయన దాన్ని బొంగరం అనేవారు, అదే పేరు నిలిచిపోయింది. మా పెళ్ళినాటికి బడికి పోయే పిల్ల. ఆ తర్వాత గ్రాఫిక్ డిజైన్ చదివి ఒక ప్రకటనల ఆఫీసులో చేరింది. సబ్బుపెట్టె మీద నురగ ఎంత ఉండాలి, మందుసీసా మీద అక్షరాలు ఎంత లావుండాలి, కంప్యూటర్ ముందు కూర్చుని అవన్నీ అమర్చేది. దుకాణానికి తోడు వస్తే తను బొమ్మ వేసిన పెట్టెలన్నీ ముఖం ఇటు తిరిగేలా సర్దుతూ కూర్చునేది. ఒకసారి కొట్టతను దొంగేమో అనుకుని వెనకే నిలబడ్డాడు.

ఆయన పోయినప్పుడు పేపర్లో వెయ్యాల్సిన ఫొటో కూడా తనే చేస్తానంది. పరాయివాళ్ళ చేతికి ఇవ్వనంది. ఆయన ఒక్కరే ఉన్న మంచి ఫొటో ఇంట్లో లేదు. ఉన్నదాంట్లో పక్కన నేనున్నాను, నా చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ముందు నన్ను తీసేసింది. తర్వాత చెయ్యి తీసింది. చెయ్యి పోయిన చోట చొక్కా గళ్ళు ఒక్కొక్కటే తెచ్చి అతికించింది. నేను వెనకే నిలబడి చూస్తున్నాను. అక్కడొక చెయ్యి ఉండేదంటే ఎవరూ నమ్మరు, అంత శుభ్రంగా చేసింది.

"బాగా వచ్చిందే" అన్నాను.

అది వెనక్కి తిరక్కుండానే ఫొటోని పేపరువాళ్ళకి పంపేసింది.

ఆ తర్వాత దానికి ఆఫీసులో కూర్చోవడం చేతకాలేదు. వెళ్ళేది, కూర్చునేది, లేచేది, మధ్యాహ్నానికే ఇంటికొచ్చి కాలు కాలిన పిల్లిలా తిరిగేది. "ఆ తెర ముందు కూర్చుంటే ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది వదినా" అంది. సామాన్లు జరపడం అప్పుడే మొదలైంది. ఏదో ఒకటి ఎత్తాలి, ఈడ్చాలి, బరువు చేతికి తెలియాలి. నేనూ ఒక పక్క పట్టేదాన్ని. ఊరికే కూర్చుంటే నాకూ మంచిది కాదు.

అలా తిరిగీ తిరిగీ సాయంత్రం తరగతుల్లో ఇంటీరియర్ డిజైన్ నేర్చుకుంది. ఒకరోజు ఉద్యోగం మానేసి వచ్చింది. మేనేజరు మంచివాడు, నీ కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాను, బుద్ధి పుడితే రమ్మన్నాడట.

మొదటి పని మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపు. ఇరుకు గది. బొంగరం దాని రూపే మార్చేసింది. గుమ్మానికి ఎదురుగా, గోడ నడిమధ్యన పెద్ద నిలువుటద్దం. దానికి రెండు పక్కలా లేతరంగు నుంచి ముదురురంగు దాకా వరసలు తీరిన కళ్ళజోళ్ళు. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకున్నారు. మాకు సంతోషంగా ఉంది. వారం తిరక్కుండానే షాపాయన ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రోడ్డు మీంచి చూస్తే షాపు పెళ్ళికూతురిలా ఉందమ్మా, కాదనను. కానీ లోపలికొచ్చినోళ్ళు జోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, మొహం మాడ్చుకుని వెళ్ళిపోతున్నారు."

"మొహాలే అలా ఉన్నాయేమో" అని గొణిగింది బొంగరం. నేను దాని చెయ్యి గిల్లాను.

"వాళ్ళ సంగతి సరే, నా మొహం నాకే తారురోడ్డులా కనిపిస్తోంది. ఆ అద్దం ముందు నిలబడ్డవాళ్ళ వీపుకి నేను లాగే కౌంటరు సొరుగు తగులుతోంది. సోమవారానికి సరిచెయ్యి. లేకపోతే పాత సామానంతా పాత చోట్లోకే వచ్చేస్తుంది. మా తోడల్లుడి షాపు కూడా నీకే ఇద్దామనుకున్నా, ఇక వాడికేం చెప్పను?"

ఆయనటు వెళ్ళాడో లేదో ఆఫీసు నుంచి ఫోను. ఆ కుర్చీలోకి మంగళవారం కొత్తమ్మాయి వస్తోందట. వచ్చేదుంటే ఆలోపే చెప్పమన్నాడు మేనేజరు. బొంగరం ఫోను బల్ల మీద పెట్టి, బల్లనే ఇంకో పక్కకి జరిపింది.

"వెళ్తావా?" అన్నాను.

"వెళ్ళాలేమో. ఈ పని నాకు రాదేమో వదినా."

అన్నం కెలికి లేచిపోయి, షాపుకి వెళ్ళి తన అద్దం ముందు తనే నిలబడి వచ్చింది. వచ్చాక చెప్పులు కూడా విడవకుండా చెప్పింది. గుమ్మంలోంచి వచ్చే వెలుతురంతా మనిషి వీపు మీద పడుతోంది, ముఖం చీకట్లో ఉంటోంది. "పేజీకి నడిమధ్యన పెట్టాను దాన్ని. తెర మీద గీస్తే వెలుతురు దానంతట అదే ఉంటుంది, ఎటునుంచి వస్తుందో ఎప్పుడూ చూడలేదు. అక్కడ నిలబడేవాళ్ళే లేరు నా బొమ్మలో."

కంప్యూటర్ తెరిచింది, మూసింది. ఆదివారం పొద్దున లేచేసరికి మా హాల్లో సామాను ఒక్కటీ లేదు. అన్నీ దాని పడకగదిలో గుట్టపడి ఉన్నాయి. బొంగరం మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది. కళ్ళజోళ్ళ షాపు, ఎంత ఉందో అంత. మా గుమ్మం కూడా వీధి వైపే, వెలుతురు అలాగే పడుతుంది. మేస్త్రీని కూడా పిలిపించింది. షాపులో చెక్కపనంతా ఆయనదే. బీరువా అద్దం ఊడదీయించి ఆయన చేతికిచ్చింది.

"ఇంతకీ నేను మేస్త్రీనా, అద్దాన్నా?" అన్నాడాయన.

"అద్దానివే మేస్త్రీ. మాట్లాడకూడదు."

"మాట్లాడకుండా మా ఆవిడ ముందు కూడా ఉండలేనమ్మా, అద్దంలా ఎట్టా ఉంటాను?"

నన్నేమో జోడు కొనుక్కోవడానికి వచ్చినదాన్ని చేసింది. గుమ్మంలోంచి రమ్మంది. వచ్చాను. అక్కడ కాదంది. మళ్ళీ వచ్చాను. మేస్త్రీ అద్దాన్ని పక్క గోడకి జరిపాడు, ఏటవాలుగా తిప్పాడు. బొంగరం సొరుగు లాగుతున్నట్టు చేతులు చాపి చూస్తుంది, తగిలితే నాలిక కరుచుకుని గీత చెరిపి ఇంకోటి గీస్తుంది. నడుము నొప్పెట్టి ఇంక నా వల్ల కాదంటే, "ఒక్కసారి వదినా, ఇదే ఆఖరు" అంటుంది. ఆఖర్లు చాలా అయ్యాయి.

అలా తిరుగుతూ ఒకచోట ఆగాను. వెలుతురు చెంప మీద పడింది. నా చదువుకునే జోడు పెట్టుకుని అద్దంలోకి చూశాను. తల దువ్వుకునేటప్పుడు పాపిడి చూసుకోవడమే తప్ప, ముఖం చూసుకుని చాలా రోజులైంది. చిక్కిపోయాను. కంటి కింద కొత్త గీతలున్నాయి. పక్కకి తిరిగి చూసుకున్నాను, జోడు కొంచెం పైకి జరుపుకున్నాను. అద్దంలోంచి చూపు తిప్పాను. మేస్త్రీ అద్దం బరువుకి పళ్ళు బిగించి ఉన్నాడు. బొంగరం నన్నే చూస్తోంది.

"కదలకు. అక్కడే ఉండు" అని వచ్చి, నా పాదాల చుట్టూ గీత గీసి, పక్కన 'వదిన' అని రాసింది.

సోమవారం మేస్త్రీ, అది కలిసి షాపుకి వెళ్ళారు. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. బియ్యం ఏరాను, ఏరినవే మళ్ళీ ఏరాను. కూర మాడింది. చివరికి చెప్పులు వేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి, ఏమనుకుంటుందోనని తిరిగొచ్చేశాను.

మధ్యాహ్నం దాటాక వచ్చింది. జుట్టు నిండా రంపపు పొట్టు.

"షాపాయన ఏమన్నాడే?"

"ఏమనలేదు. ఒకావిడ వచ్చింది. అద్దం ముందు నిలబడి ఒకటి పెట్టుకుంది, తీసింది, ఇంకోటి పెట్టుకుంది. ఎంతకీ కదలదు. వెనక సొరుగు ఆయన హాయిగా లాగుతున్నాడు, మూస్తున్నాడు. చివరికి నా దగ్గరకొచ్చి, ఆవిణ్ణి ఎలా పంపించాలో కూడా నువ్వే గీసిపెట్టమ్మా అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైందేమో, మధ్యలో దగ్గు కూడా వచ్చింది. బొంగరం మంచినీళ్ళు తాగి, నిలబడే మేనేజరుకి ఫోను చేసింది. "ఆ కుర్చీ ఆ అమ్మాయికే ఇచ్చెయ్యండి సార్. లేదు సార్, బాగానే ఉన్నాను. కూర్చోవడమే కుదరట్లేదు" అంది. మాడిన కూరతోనే రెండు ముద్దలు తిని, తోడల్లుడి షాపు చూడాలని మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

అది వెళ్ళాక నేను బకెట్లో నీళ్ళు పట్టి, గుడ్డ ముంచి పిండి, హాల్లోకి వచ్చాను. సామాను తిరిగి సర్దాలంటే ముందు నేల తుడవాలి. గోడ దగ్గర వంగాను. సుద్దగీతలు నిన్నటివి నిన్నటిలాగే ఉన్నాయి, నా పాదాల చుట్టూ గీసిందీ, పక్కన 'వదిన' అని రాసిందీ. లేచాను. నీళ్ళు పెరట్లో పారబోసి, గుడ్డ దులిపి తీగ మీద ఆరేశాను. నేల తుడవలేదు.